ఎవరి పేరు లెక్కకొచ్చింది? మేఘనాద్ సాహా నుంచి సైటేషన్ పట్టిక దాకా

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న, చదువు చెబుతున్న దళిత బహుజన మిత్రులు కలిసినప్పుడు ఈమధ్య ఒక కొత్త భయం వినపడుతోంది. రోస్టరు, ఫెలోషిప్పు, హాస్టలు గొడవలు ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు వాటితోపాటు "నా హెచ్-ఇండెక్స్ ఎంతుంటే సరిపోతుంది?", "నా పేపరు స్కోపస్‌లో లేదంట, దానికి మార్కులు రావంట" అనే మాటలు తోడయ్యాయి. మాలో ఒకరు కొన్నేళ్ల కిందట ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లారు. పదేళ్లపాటు ఊళ్లు తిరిగి, మాదిగ వాడల్లో పెద్దల మాటలు రికార్డు చేసుకుని రాసిన తెలుగు వ్యాసాల కట్టను బోర్డు ముందు పెట్టారు. ఆ పెద్దమనుషుల్లో ఒకాయన కట్టకున్న తాడు కూడా విప్పకుండా "వీటిని ఎవరు సైట్ చేశారండీ?" అన్నాడు. ఆ రోజు మా మిత్రుడి నోట మాట రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేమంతా కలిసి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఆ ప్రశ్న తప్పని మేము అనడంలేదు. ఒకరి పని ఇంకొకరికి ఉపయోగపడిందా లేదా అని అడగడం న్యాయమే. అయితే ఎవరి పని ఎవరి కంటపడుతుంది, ఎవరు ఎవరి పేరు రాస్తారు, ఎవరి పేరు రాయకుండా వాడుకుంటారు అనేవి చరిత్రలోకి వెళ్లి తేల్చుకోవలసిన ప్రశ్నలు. వాటిని తేల్చకుండా అంకెను మాత్రమే ముందుకు తెస్తే, ఆ అంకె కూడా "ప్రతిభ" అనే పాత మాట చేసిన పనే చేస్తుంది. ప్రతిభ పేరుతో మనల్ని గుమ్మం బయట ఎలా నిలబెట్టారో మనకు తెలుసు. అందుకే ఆ అంకె పుట్టుక నుంచి మొదలుపెడదాం.

లెక్క ఎక్కడ పుట్టింది?

సైటేషన్లను లెక్కపెట్టడం మొదట్లో మనుషుల్ని తూచడానికి పుట్టలేదు. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన లాయర్ల కోసం ఒక జాబితా తయారుచేశాడు. ఒక కోర్టు తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయి, దాన్ని ఒప్పుకున్నాయా, కొట్టేశాయా అనేది ఆ జాబితా చూస్తే తెలిసేది. 1927లో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు, కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీ వాళ్లు, ఒక రసాయనశాస్త్ర పత్రికలో వచ్చిన ఫుట్‌నోట్లను లెక్కపెట్టారు. చిన్న కాలేజీ లైబ్రరీ తనకున్న కొద్ది డబ్బుతో ఏ పత్రికలు కొనుక్కోవాలి అనేది వాళ్ల సమస్య. అంటే తీర్పు చెల్లుతుందా అని చూడటానికో, ఏ పత్రిక తెప్పించాలో తేల్చుకోవడానికో ఈ లెక్క పుట్టింది.

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, లాయర్ల జాబితా లాంటిది శాస్త్రాలకూ కావాలన్నాడు. ఆయన ఫిలడెల్ఫియాలో పెట్టిన సంస్థ 1960ల మొదట్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను తెచ్చింది. 1961 నాటి 613 పత్రికలు, వాటిలోని దాదాపు 14 లక్షల సైటేషన్లు అందులోకి ఎక్కాయి. పరిశోధకుడు తనకు కావలసిన పాత పేపరు దొరికించుకోవడానికి అది నిజంగా గొప్ప సాధనం. కానీ 613 పత్రికలు అన్నప్పుడు ఆ పట్టికకు ఒక గోడ కూడా కట్టినట్టయింది. గోడ లోపల ఎక్కువగా ఇంగ్లీషు పత్రికలు, అమెరికా, యూరపు పత్రికలు. కలకత్తాలోనో మద్రాసులోనో అచ్చయ్యే చిన్న పత్రికలు బయట. లోపలివాళ్లు లోపలివాళ్లను ఎన్నిసార్లు తలుచుకున్నారో ఆ పట్టిక చెబుతుంది. బయటివాళ్లు ఏం చేశారో దానికి తెలియదు.

తర్వాత పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త మనిషికే ఒక అంకె కట్టాడు. కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు 20 ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. జీవితమంతా ధారపోసి ఒకే ఒక్క పేపరు రాసి, దానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా మీ హెచ్-ఇండెక్స్ 1 దగ్గరే ఆగుతుంది. మన దేశంలో 2010లో యూజీసీ ఏపీఐ అనే మార్కుల పద్ధతి తెచ్చింది, 2018 నిబంధనల్లో దాన్ని మార్చింది. 2016 నుంచి వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో సంస్థల పేపర్లనూ సైటేషన్లనూ లెక్కగడుతున్నారు. లైబ్రరీకి పత్రికలు ఎంచుకోవడానికి పుట్టిన లెక్క మనిషి బతుకుతెరువును తేల్చే దగ్గరకొచ్చింది.

సియోరాతలి కుర్రాడు

ఈ లెక్కకు పరీక్షగా మేము ఒక మనిషిని తీసుకుంటాం. మేఘనాద్ సాహా 1893లో ఢాకా దగ్గర సియోరాతలి అనే ఊళ్లో చిన్న దుకాణం నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. సాహా దళితుడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ప్రతి గొప్పవాణ్నీ మనవాడే అని కలుపుకోవడం మా పని కాదు. కానీ బెంగాలు అగ్రవర్ణాలు సాహాల చేతి నీళ్లు ముట్టేవి కావు. పై చదువుకి పక్క ఊరు వెళ్లినప్పుడు ఒక డాక్టరు తన ఇంట్లో చోటిచ్చాడు. తిన్న కంచం కుర్రాడే కడుక్కోవాలి, ఆవు పని చూడాలి. 1905లో బెంగాలు విభజన గొడవల్లో గవర్నరు రాకను నిరసించినందుకు ఢాకా స్కూలు నుంచి గెంటేశారు, స్కాలర్‌షిప్పు పోయింది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్లో ఉంటే, అక్కడి కొందరు విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోం అన్నారు. సరస్వతీ పూజ దగ్గరా అవమానించారు. చదువుల తల్లి పూజలో చదువుకునేవాడికే చోటు లేకపోయింది. ఇంట్లో పెట్టిన మేఘనాథ్ అన్న పేరును ఆయన మేఘనాద్ అని మార్చుకున్నాడంటారు. మేఘనాదుడు రావణుడి కొడుకు. ఆ ఎంపికలో ఏముందో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కరలేదు.

1920లో సాహా ఫిలసాఫికల్ మ్యాగజీన్‌లో సూర్యుడి వర్ణమండలం గురించి ఒక పేపరు అచ్చువేశాడు. విషయం ఇది. వేడి పెరిగితే, ఒత్తిడి తగ్గితే పరమాణువు తన ఎలక్ట్రానును వదులుకుంటుంది. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఎన్ని పరమాణువులు అలా విడిపోతాయో లెక్కగట్టే సమీకరణం ఆయన ఇచ్చాడు. అప్పటిదాకా ఒక్కో నక్షత్రం కాంతిలో ఒక్కోరకం గీతలు ఎందుకుంటాయో తెలిసేది కాదు. వాటిలో ఉన్న పదార్థాలే వేరు కాబోలు అనుకునేవాళ్లు. తేడాకు ముఖ్య కారణం వేడి అని సాహా సమీకరణం చూపించింది. నక్షత్రాల కాంతిని చదవడానికి అది బాలశిక్ష అయింది. సూర్యుడి మచ్చలు చుట్టుపక్కల కంటే చల్లగా ఉంటాయి కనుక అక్కడ రుబీడియం గీత కనపడాలని ఆయన చెబితే, అమెరికాలో హెన్రీ నోరిస్ రసెల్ వెతికి కనుక్కున్నాడు. 1927లో సాహా రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. నోబెల్ బహుమతికి ఆయన పేరు ఒకటికి రెండుసార్లకు మించే ప్రతిపాదనకు వచ్చింది, బహుమతి మాత్రం రాలేదు.

పైసల్లేక ఆగిన పేపరు

మా ప్రశ్నకు అసలైన జవాబు ఆ పేపరు కంటే ముందే ఉంది. 1917లో సాహా నక్షత్రాల వాతావరణంలో కాంతి ఒత్తిడి గురించి ఒక పెద్ద పేపరు రాసి అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపాడు. కాంతి అన్ని పరమాణువులనూ ఒకే తీరుగా నెట్టదు, కొన్నిటిని ఎంచుకుని నెడుతుంది అని అందులోని ఊహ. పేపరు పెద్దది కనుక అచ్చు ఖర్చులో కొంత రచయితే పెట్టుకోవాలని జవాబొచ్చింది. ఆ ఖర్చు మూడంకెల డాలర్లు. తన జీతం చిన్నది, ముసలి తల్లిదండ్రులనూ తమ్ముణ్నీ పోషించాలి, అంత డబ్బు ఎక్కడి నుంచి తెచ్చేది అని ఆయన తర్వాత 1946లో ప్లాస్కెట్ అనే ఖగోళశాస్త్రవేత్తకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. చివరికి 1919లో ఆ పత్రికలో ఒక చిన్న ముక్క మాత్రం వచ్చింది. పూర్తి వ్యాసం కలకత్తా విశ్వవిద్యాలయం అప్పుడే మొదలుపెట్టిన పత్రికకు పోయింది. ఆ పత్రిక పెద్దగా ఎవరి చేతికీ చేరేది కాదు.

కొన్నేళ్లకు ఇంగ్లండులో మిల్నే అదే దారిలో పనిచేశాడు, ఆ సిద్ధాంతం ఆయన పేరుమీద స్థిరపడింది. మిల్నే దొంగతనం చేశాడని మేము అనడంలేదు. ఆయన తన వ్యాసంలో ఒక ఫుట్‌నోటులో సాహా పేరు రాశాడు కూడా. ఆ ఫుట్‌నోటును ఎవరూ పట్టించుకున్నట్టు లేదని సాహాయే ఆ ఉత్తరంలో వాపోయాడు.

ఇక్కడ ఆగి లెక్క చూద్దాం. సైటేషన్ ఉంది. దానికి గుర్తింపు లేదు. ఆ పేపరు చదవదగ్గది కాకపోవడం వల్ల ఇలా కాలేదు. రాసినవాడి జేబులో డాలర్లు లేవు, అచ్చేసిన పత్రికకు దారి లేదు. ఒక కిరాణా కొట్టు కొడుకు పెట్టుకోలేకపోయిన ఖర్చు శాస్త్ర చరిత్రలో ఒక పేరును ఇంకో పేరు కిందికి తోసింది. ఇవాళ కూడా పేరున్న పత్రికలు చాలా వాటిలో వ్యాసం అందరికీ ఉచితంగా అందాలంటే రచయితే వేలల్లో డాలర్లు కట్టాలి. కట్టగలిగిన సంస్థల్లో ఉన్నవాళ్ల పేపరు లోకమంతా చదువుతుంది, లోకమంతా సైట్ చేస్తుంది. ఫెలోషిప్పు డబ్బులు ఎనిమిది నెలలు ఆలస్యమైతే ఇంటికి పంపలేక అప్పుచేసే మన పిల్లల పేపరు ఎక్కడ పడుతుందో చెప్పనక్కరలేదు.

పేరు మిగిలింది, సైటేషన్ మాయమైంది

ఇంకో వింత ఉంది. సాహా సమీకరణం లేకుండా ఇవాళ ఖగోళ భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకం లేదు. రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో దాన్ని వాడుతూనే ఉంటారు. కానీ వాడినవాళ్లు 1920 పేపరును ఫుట్‌నోటులో పెట్టరు. అందరికీ తెలిసిన విషయానికి ఫుట్‌నోటు ఎందుకు? శాస్త్రాల సమాజశాస్త్రం రాసిన రాబర్ట్ మెర్టన్ దీన్ని గమనించాడు. ఒక పని శాస్త్రంలో ఎంత లోతుగా కలిసిపోతే దాని మూలం అంతగా కనపడకుండా పోతుంది. అంటే ప్రభావం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోట సైటేషన్ లెక్క అన్నిటికంటే తక్కువ చూపించవచ్చు.

దీనికి తలకిందులు ఉదాహరణ కూడా ఉంది. పట్టికలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు 1951లో లౌరీ, సాటివాళ్లు రాసింది. 2014 నాటికే అవి 3 లక్షలు దాటాయి. ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. పనికొచ్చే పద్ధతే, కాదనం. కానీ ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికంటే గొప్ప ఊహ అదే అని లౌరీ కూడా అనలేదు.

సాహాకు కనీసం సమీకరణం మీద పేరు మిగిలింది. ఆ సమీకరణాన్ని వాడి 1925లో సిసిలియా పేన్ అనే యువతి హార్వర్డ్‌లో తన సిద్ధాంత గ్రంథం రాసింది. నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియంలే అత్యధికం అని ఆమె లెక్కలో తేలింది. అది జరగని పని అని రసెల్ కొట్టిపారేస్తే, ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె తన గ్రంథంలో తానే రాయవలసివచ్చింది. 1929లో రసెల్ ఇంకో దారిలో వెళ్లి అదే ఫలితానికి వచ్చాడు. ఆమె పేరు చెప్పాడు, కానీ ఆ మాట చాలా కాలం రసెల్ మాటగానే చలామణి అయింది. వలస దేశపు కింది కులం వాడి సమీకరణం, ఒక ఆడమనిషి చేసిన లెక్క, చివరికి ప్రొఫెసరు గారి కీర్తి. ఎవరి పేరు ఏ గట్టు మీద ఆగిపోయిందో చూస్తే సమాజంలోని మెట్లే అక్కడా కనపడతాయి.

కలిసి చేసిన పనికి ఒక్కరి పేరు

సైటేషన్ తర్వాత రెండో కొలత సహ పరిశోధన. ఎవరితో కలిసి ఎన్ని పేపర్లు రాశారు, ఎన్ని దేశాలవాళ్లతో రాశారు అని చూస్తారు. ఈ కొలత పేపరు మీద ఉన్న పేర్లను మాత్రమే చూస్తుంది. పేపరు మీదికి ఎవరి పేరు ఎక్కుతుంది అన్నది అది అడగదు.

సాహా వాడుకున్న నక్షత్రాల వర్గీకరణ హార్వర్డ్‌లో తయారైంది. తక్కువ జీతానికి పెట్టుకున్న ఆడవాళ్లు ఫొటో పలకల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి లక్షల నక్షత్రాలను వర్గాలుగా విడగొట్టారు. వాళ్లలో ముందువరసలో ఉన్నది అన్నీ జంప్ కానన్. ఆ మహా పట్టికకు పెట్టిన పేరు మాత్రం డబ్బిచ్చిన కుటుంబంలోని హెన్రీ డ్రేపర్‌ది.

బాల్టిమోర్‌లో 1944లో నీలిరంగు పసిపాపలకు చేసిన గుండె ఆపరేషన్ కథ మన పాఠకులు తప్పక తెలుసుకోవాలి. కుక్కల మీద ప్రయోగాలు చేసి ఆ ఆపరేషన్ పద్ధతిని తయారుచేసింది వివియన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్. కాలేజీ చదువుకు దాచిన డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటే మునిగిపోతే, ఆయన డాక్టరు కాలేకపోయాడు. ఆపరేషన్ జరుగుతుంటే డాక్టరు బ్లేలాక్ వెనక స్టూలు మీద నిలబడి ఎక్కడ ఎలా కుట్టాలో చెబుతూ వచ్చాడు. 1945లో వచ్చిన పేపరు మీద బ్లేలాక్, తౌసిగ్ అనే రెండు పేర్లే ఉన్నాయి. థామస్ పేరు లేదు. 1976లో గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఇప్పుడిప్పుడే ఆ ఆపరేషన్ పేరు మధ్యలో థామస్ పేరు కూడా చేరుస్తున్నారు. సహ పరిశోధనల పటం గీస్తే 1945 పేపరు దగ్గర థామస్ ఒక చుక్కగా కూడా కనపడడు.

మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఫిస్కేతో కలిసి 1925లో రాసిన భాస్వరం కొలిచే పద్ధతి పేపరుకు దశాబ్దాలపాటు అసంఖ్యాకంగా సైటేషన్లు వచ్చాయి. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో మందుల కంపెనీ లేబొరేటరీకి వెళ్లిపోయాడు, 1948లో పోయాడు. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఇక్కడ రక్షణగా నిలిచే కులం అక్కడ రంగు ముందు పనిచేయలేదు. ఈ ఒక్క సంగతి గురించి మన అగ్రవర్ణ మిత్రులు తీరిగ్గా ఆలోచిస్తే, తమ విశ్వవిద్యాలయంలో దళిత అధ్యాపకుడికి ప్రతిరోజూ ఏమవుతోందో కొంతైనా అర్థమవుతుంది.

పేర్లకు ఎక్కని ఇంకో సహకారం కూడా చెప్పాలి. 1943లో దామోదర్ నదికి పెద్ద వరద వచ్చింది. నదిని మొత్తంగా ఒక ప్రణాళిక కింద చూడాలని సాహా తన సైన్స్ అండ్ కల్చర్ పత్రికలో రాస్తూ వచ్చాడు, వరద మీద వేసిన విచారణ సంఘంలో సభ్యుడయ్యాడు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్న సభ్యుడు అంబేద్కర్. 1945లో దామోదర్ పథకం మీద జరిగిన సమావేశాలకు అధ్యక్షత వహించి ముందుకు నడిపింది ఆయనే. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చట్టం వచ్చింది. హాస్టల్లో పంక్తిలోంచి లేపిన మనిషి, బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టిన మనిషి, ఇద్దరి ఆలోచనా ఒకే నది దగ్గర కలిసింది. ఇద్దరూ 1956లోనే పోయారు. వీళ్లిద్దరి పేర్లతో ఉమ్మడి పేపరు లేదు కనుక ఏ పట్టికా ఈ సహకారాన్ని పట్టుకోలేదు.

మెర్టన్ సంగతితో ఈ భాగం ముగిద్దాం. పేరున్నవాడికే ఇంకా పేరు వస్తుంది, పేరు లేనివాడిది ఉన్నదీ పోతుంది అని 1968లో సిద్ధాంతీకరించింది ఆయనే. ఆ వ్యాసానికి ఆధారం హ్యారియెట్ జుకర్‌మన్ నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. ఆమె పేరు కూడా రచయితగా ఉండవలసిందని మెర్టన్ తర్వాత ఒప్పుకున్నాడు. అన్యాయాన్ని కనిపెట్టిన వ్యాసంలోనే ఆ అన్యాయం జరిగింది. మంచివాళ్లు కూడా తెలియకుండానే చేసే పని ఇది. అందుకే వ్యక్తుల మంచితనం మీద ఆధారపడకుండా పద్ధతుల గురించి మాట్లాడాలి.

లెక్క మేలుచేసిన కథ

ఇదంతా చదివి అంకెల్ని తగలబెట్టమని మేమంటున్నట్టు అనుకోవద్దు. కలకత్తా మెడికల్ కాలేజీలో శంభునాథ్ డే ఉండేవాడు. కలరాలో మనిషిని నీళ్లు కార్చి చంపేది సూక్ష్మజీవి వదిలే విషమేనని ఆయన కుందేళ్ల పేగుల మీద చేసిన ప్రయోగాలతో రుజువుచేశాడు. 1959లో నేచర్ పత్రికలో ఆయన ఒక్కడి పేరుతోనే ఆ చిన్న పేపరు వచ్చింది. కలరాలో మనిషి ఒంట్లోంచి పోయిన నీళ్లనూ ఉప్పునూ తిరిగి ఎక్కించడమే ప్రాణం నిలిపే దారి అన్న అవగాహన వెనక ఆ పని కూడా ఉంది. కానీ చాలాకాలం దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1973లో ఆయన రిటైరయ్యాడు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరా మీద పెట్టిన సదస్సుకు ఆయన్ని పిలిచారు. బతికుండగా మన దేశంలోని ఏ సైన్స్ అకాడమీ కూడా ఆయన్ని ఫెలోగా ఎన్నుకోలేదు. 1985లో పోయాడు.

మరుసటి సంవత్సరం, 1986లో, గార్‌ఫీల్డ్ తన సైటేషన్ పట్టిక ముందుపెట్టుకుని కలరా పరిశోధనల పటం గీసి, అందులో డే స్థానం ఎంత పెద్దదో చూపించాడు. 1990లో బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ ఆయన మీద ప్రత్యేక సంచిక వేసింది. అంటే అకాడమీల్లో చేతులెత్తే పెద్దలకు కనపడనిది సైటేషన్ పట్టికలో కనపడింది. ఎవరి సిఫారసూ లేనివాడికి, ఎవరి బంధువూ కానివాడికి, లెక్క ఒక్కోసారి సాక్ష్యం చెబుతుంది. మనం ఈ సాక్ష్యాన్ని వదులుకోకూడదు. అయితే డే పేపరు నేచర్‌లో కాకుండా సాహా పేపరు లాగా కలకత్తా పత్రికలో పడివుంటే ఆ పటంలో అదైనా దొరికేదా అన్నది మా ప్రశ్న.

తంగేడు చెక్కకు రచయిత ఎవరు?

ఇప్పుడు మన వాడకు వద్దాం. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి, అది కుళ్లకుండా, నీళ్లకు పాడవకుండా చేసే విద్య మాదిగలది. ఎన్నాళ్లు ఊరాలో, చెక్క ఎప్పుడు మార్చాలో, తోలు చేతికి ఎలా తగిలితే పదునైనట్టో వాళ్ల చేతులకు తెలుసు. తంగేడు చెక్కతో పదును పెట్టిన దక్షిణాది తోళ్లు మద్రాసు రేవు నుంచి పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కాయి. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది. తెనాలి ప్రాంతం నుంచి వెళ్లిన యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరై ప్రపంచ ఖ్యాతి తెచ్చాడు. ఆ పని గొప్పదే. తంగేడు చెక్కకు లాటిన్ పేరుంది, అందులో టానిన్ ఎంతుందో కొలిచినవాళ్లకు పేపర్లున్నాయి, ఆ పేపర్లకు సైటేషన్లున్నాయి. ఏ చెట్టు చెక్క వాడాలో మొదట కనిపెట్టిన మనిషికి మాత్రం రచయిత హోదా లేదు, ఫుట్‌నోటు లేదు. ఆ విద్య ఉన్నందుకు దొరికింది ఊరి బయట ఇల్లు, వాసన అనే తిట్టు.

సాహా పేపరు అచ్చు ఖర్చు దగ్గర ఆగింది. థామస్ పేరు రంగు దగ్గర ఆగింది. మా అమ్మమ్మ తాతల జ్ఞానం అక్షరం దగ్గరే ఆగింది. చదువు రానివ్వకపోతే పేపరు లేదు, పేపరు లేకపోతే సైటేషన్ లేదు, సైటేషన్ లేకపోతే జ్ఞానమే లేదు పొమ్మంటున్నారు. ఇంటర్వ్యూలో ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక మేమేం చేయాలి?

బయటివాళ్లు కూడా ఈ లెక్కల మీద తిరగబడుతున్నారు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి మనిషికి విలువ కట్టవద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. స్థానిక భాషల్లో, స్థానిక సమస్యల మీద జరిగే మంచి పరిశోధనను కాపాడుకోవాలని 2015 నాటి లైడెన్ ప్రణాళిక చెప్పింది. 2017లో అమెరికాలో నల్లజాతి స్త్రీలు తమ రచనల్ని సైట్ చేయండని ఉద్యమమే మొదలుపెట్టారు. మన దగ్గర అభా సుర్ 2011లో తెచ్చిన పుస్తకంలో భారత విజ్ఞానశాస్త్రంలో కులం గురించి, సాహా గురించి వివరంగా రాసింది. ఐఐటీల్లో ప్రతిభ అనే మాట కులాన్ని ఎలా దాచిపెడుతుందో అజంతా సుబ్రమణియన్ 2019లో చూపించింది.

మా పత్రిక వరకు మేము కొన్ని నియమాలు పెట్టుకుంటున్నాం. ఊళ్లో ఎవరి దగ్గర విషయం తెలుసుకున్నామో వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు వ్యాసంలోనే వేస్తాం, "ఒక వృద్ధుడు చెప్పాడు" అని దాటేయం. మన విద్యార్థులు రాసిన ఎంఫిల్, పీహెచ్‌డీ గ్రంథాలు లైబ్రరీ అటకల మీద మూలుగుతున్నాయి, వాటిని వెతికి చదివి సైట్ చేస్తాం. టేపుల్లోంచి మాటలు రాసిపెట్టిన పిల్లల్ని సహ రచయితలుగా గుర్తిస్తాం. తెలుగులో వచ్చిన పనిని వాడుకుని ఇంగ్లీషు పుస్తకాన్ని మాత్రమే ఫుట్‌నోటులో పెట్టే అలవాటు మాలోనూ ఉంది, దాన్ని మానుకుంటాం. ఎవరు ఎవర్ని సైట్ చేస్తున్నారో అడిగే ముందు మేము ఎవర్ని చేస్తున్నామో చూసుకోవాలి కదా.

2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయిన రోహిత్ వేముల కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. మనిషిని ఒక అంకెగా చూడటం గురించి తన ఆఖరి ఉత్తరంలో బాధపడ్డాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న ఆ పిల్లవాడు సాహా వారసుల్లో ఒకడు. ఆయన రాయబోయిన పుస్తకాలు ఏ పట్టికలోనూ ఉండవు. ఇవాళ హాస్టల్ గదుల్లో కూర్చుని రాస్తున్న మిగతా పిల్లల పుస్తకాలైనా ఉండాలి.

మా మిత్రుడి వ్యాసాల కట్ట ఇప్పుడు మా ఆఫీసులో ఉంది. తాడు విప్పాం. వచ్చే సంచికల్లో మేము రాసే వ్యాసాల్లో వాటిని పేరుపెట్టి, సంవత్సరం వేసి, పేజీ నంబరుతో సహా సైట్ చేస్తాం. ఎవరు సైట్ చేశారండీ అని మళ్లీ ఎవరైనా అడిగితే చూపించడానికి.